కొంగకి కొత్త పూత

పదేళ్ళకోసారి ఆ కొంగకి
బంగారు పూత వేస్తారు.
నిచ్చెన మోసుకుని పొద్దున్నే వచ్చాడు రూఫస్ టాండీ.
ఫ్లీట్ స్ట్రీట్ వెనక సందు, సన్నటి వాన.

థాకమ్ అండ్ లైల్.
కంసాలులుగా మొదలై
నగలు తాకట్టు పట్టి, ఆ పైన బ్యాంకర్లయినవాళ్ళు.
మూడు వందల ఏళ్ళుగా గుమ్మం మీద
ఒంటికాలి మీద నిలబెట్టారు దాన్ని.
కొంగ జపం అని మనం నవ్వుకుంటాం గానీ
ఆ సందులో దాన్ని నమ్మకం అంటారు.

గుమ్మం దగ్గర ఆబ్రీ స్టెన్నెట్.
మోకాళ్ళు దాటిన నల్లకోటు, ఇత్తడి బొత్తాలు.
కోటు థాకమ్ లైల్‌ది.
జీతం మాత్రం నది అవతలి అద్దాల మేడ నుంచి,
ఏడంకెల నంబరు పేరు మీద వస్తుంది.

లోపల అన్నీ అలాగే ఉన్నాయి.
తోలు అట్టల ఖాతా పుస్తకాలు గాజు పెట్టెలో.
సిరాబుడ్డి ఉంది, సిరా లేదు.
నిలువు గడియారానికి సోమవారం సోమవారం కీ ఇస్తారు,
టైము ఫోన్‌లో చూసుకుంటారు.
చెక్కుని వెలుతురుకి పట్టుకుంటే కొంగ కనిపిస్తుంది,
అడుగున చీమల బారులా
పెద్ద బ్యాంకు పేరు.

పెద్ద బ్యాంకు తెలివైనది.
కొన్న రోజున ఏమీ మార్చలేదు.
బల్లలు మార్చలేదు, టీ కప్పులు మార్చలేదు,
పేరు పెట్టి పలకరించే ఆ మెత్తటి గొంతు మార్చలేదు.
అప్పు ఇవ్వాలా వద్దా అన్న ఒక్క మాటని
చడీచప్పుడు లేకుండా వంతెన దాటించింది.
ఇమోజెన్ ట్రెలోర్ ఇప్పుడు కూడా
ఖాతాదారు కళ్ళలోకే చూసి మాట్లాడుతుంది,
మాట్లాడుతూ గళ్ళు నింపుతుంది.
అవును కాదు చెప్పేది
ఆమె ఎన్నడూ చూడని ఒక లెక్క.

పదకొండు గంటలకి ఒట్టిలీ గార్త్ వచ్చింది.
ఎనభై ఒకటి. చేతిలో ఉత్తరం.
'మన ఈ సుదీర్ఘ అనుబంధాన్ని గౌరవిస్తూ'
అని మొదలై,
ముప్పై లక్షల పౌన్లు లేనివాళ్ళు
మూడు నెలల్లో వేరే చోటు చూసుకోవాలని ముగిసింది.
కింద నీలిరంగు సంతకం.
వేలు తడిచేసి రుద్ది చూసిందట,
అలుక్కోలేదు.

'మేము అని రాశారు ఆబ్రీ,
ఎవరా మేము?'

ఆబ్రీ దగ్గర గొడుగుంది, జవాబు లేదు.
గొడుగు పట్టాడు.

సరిగ్గా అప్పుడే పైనుంచి రూఫస్ కేక.
పాత పూత గీకుతున్నాడు.
బంగారం కింద బంగారం,
దాని కింద సిందూరం రంగు,
దాని కింద, కొంగ కాళ్ళ దగ్గర, అక్షరాలు.
థాకమ్ కాదు. లైల్ కాదు.
జాబెజ్ ఓర్మ్, పళ్ళేలు, గిన్నెలు.

ఎవరో ఓర్మ్. దుకాణం అమ్ముకున్నాడు కాబోలు,
కొన్నవాళ్ళు పిట్టని ఉంచుకున్నారు.

ఒట్టిలీ గార్త్ నవ్వింది.
గొడుగు కర్ర పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది.
'మా మామగారి తాత కూడా
నేతి బీరకాయలో నెయ్యే దాచుకున్నాడన్నమాట.'

రూఫస్ అద్దాల మేడకి ఫోన్ చేశాడు.
పావుగంట సంగీతం వినిపించారు.
ఆ తర్వాత ఒక కుర్రగొంతు:
ఒప్పుకున్న రంగు నంబరు ప్రకారం కప్పెయ్యండి.
ఓర్మ్ పేరు స్పెల్లింగు కూడా అడగలేదు.

ఖాతా మూసే పని ఇక్కడ జరగదట,
ఆప్‌లో చెయ్యాలట.
ఇమోజెన్ ఆ మాట చెప్పలేక
ముందు టీ తెప్పించింది.
కొంగ బొమ్మ కప్పులో, రెండు బిస్కెట్లతో.
ముసలావిడ తీరిగ్గా తాగి,
కప్పు సంచిలో పెట్టుకుని లేచింది.
ఎవరూ చూడలేదు.
అంటే, అందరూ చూశారు.

ఆబ్రీ తలుపు తీశాడు,
ఇరవై రెండేళ్ళుగా తీసినట్టే.
ఆమె టోపీ అంచున
గీకిన పాత బంగారం పొట్టు.

వాన పెరిగింది.
రూఫస్ నిచ్చెన దిగాడు.
ఓర్మ్ మీద ఒక పూత పడింది,
కన్ను మాత్రం రేపటికి మిగిలింది.
ఆ రాత్రి సందులో
గుడ్డి కొంగ ఒంటికాలి మీద నిలబడి
ఎవరి చేపల కోసమో తెలియకుండా
తడిసింది.